నెలకు 99 రూపాయలు కట్టి తెలియనివాళ్ళతో వాదించుకోవడం: ఏడు నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, యాప్ పేరు రాయను. రాశానంటే దాన్ని ఇష్టపడేవాళ్ళు ఒక పక్క, పడనివాళ్ళు ఇంకో పక్క చేరిపోయి, నేను రాసింది చదవకుండానే కొట్టుకోవడం మొదలుపెడతారు. ఆ పని ఎలా జరుగుతుందో ఏడు నెలలు లోపల కూర్చుని చూసినవాణ్ణి. ఫోన్లో గొంతుతో మాట్లాడుకునే తెలుగు గదులు అంటే వాడేవాళ్ళకి ఎలాగూ అర్థమైపోతుంది. వాడనివాళ్ళకి పేరుతో పనిలేదు, డబ్బులు కట్టాలా వద్దా అన్నది తెలిస్తే చాలు.

నాది రాజాం. బొబ్బిలి వెళ్ళే రోడ్డులో జెరాక్స్ షాపు. ఆధార్ ప్రింట్లు, ఉద్యోగాల అప్లికేషన్లు, కరెంటు బిల్లులు, హాల్ టికెట్లు, ఏది వస్తే అది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు మేము శ్రీకాకుళం జిల్లాలో పడుకుని విజయనగరం జిల్లాలో లేచాం. ఇల్లు కదల్లేదు, షాపు కదల్లేదు, అప్లికేషన్లలో జిల్లా పేరు మాత్రం మారింది, ఆ ఏడాదంతా పాత జిల్లా కొట్టేసి కొత్త జిల్లా రాయడమే నా పని. అందుకని యాప్‌లో చేరేటప్పుడు ‘మీ జిల్లా’ అని అడిగితే ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది.

చేర్పించింది మా అక్క కొడుకు. మొన్న సిరిమాను పండక్కి విజయనగరం వెళ్ళినప్పుడు, జనంలో నలిగిపోయి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటే, టీవీలో ఎవడో ఏదో అన్నాడని నేను టీవీతో వాదిస్తున్నానట. వాడు నా ఫోను లాక్కుని, ‘మావయ్యా, అది నీకు తిరిగి జవాబు చెప్పదు, ఇందులో అయితే చెప్తారు’ అని యాప్ ఎక్కించేశాడు. చెప్తారు, నిజమే. ఆ రోజు వాడికి ఇంకాస్త వివరంగా అడిగి ఉండాల్సింది, ఏమని చెప్తారూ అని.

లోపల ఇలా ఉంటుంది. పైన టాపిక్ పేరు, దాని కింద ఎనిమిది గుండ్రటి ఫోటోలు, వాళ్ళకి మైకు ఉంటుంది. వాళ్ళ కింద వినేవాళ్ళు చిన్న చుక్కల్లాగ, నలభై మంది ఉండొచ్చు, నాలుగు వందల మంది ఉండొచ్చు. గది తెరిచినవాణ్ణి ‘పెద్ద’ అంటారు. ఆ పేరు యాప్ వాళ్ళే పెట్టారు, రచ్చబండ లాగ ఉండాలని కాబోలు. చెయ్యెత్తే బొమ్మ నొక్కితే పెద్ద మనల్ని పైకి పిలవాలి, ఇష్టం లేకపోతే పిలవడు, గంట సేపు చెయ్యెత్తి కూర్చున్నా అడిగేవాడు ఉండడు. వినడానికి ఉచితం. మైకు కావాలంటే నెలకు 99. ఒక ప్లేటు బిర్యానీ డబ్బులు కూడా కాదు కదా అని మా అక్క కొడుకు అన్నాడు, బిర్యానీ తిన్నాక నిద్ర పడుతుందిరా అన్నది నేను తర్వాత కనిపెట్టాను.

ఈ యాప్‌లో ఎవరైనా డబ్బులు కట్టాల్సింది ఒక్కదానికి, ఆ రెండు నిమిషాల గడియారానికి. మైకు తెరవగానే మన ఫోటో చుట్టూ ఆకుపచ్చ గీత తిరుగుతుంది. ఆఖరి పదిహేను సెకన్లలో ఎర్రబడుతుంది. నిండిందంటే మాట మధ్యలో ఉన్నా సరే, కట్. మొదటిసారి నేను ‘అందరికీ నమస్కారమండి, నా పేరు ఫలానా, మాది రాజాం, నేను ఎన్నాళ్ళ నుంచో వింటున్నాను, ఈ రోజు ఎందుకు మాట్లాడాలనిపించిందంటే’ అని ఎందుకో చెప్పబోయేసరికి అయిపోయింది. ఎనిమిది మందీ తలో రెండు నిమిషాలు మాట్లాడాక మళ్ళీ నా వంతు. ఆ పావుగంటలో ఏం చెప్పాలో తేల్చుకోవాల్సి వచ్చింది. మర్నాటి నుంచి షాపులో పాడైపోయిన జెరాక్స్ కాగితాల వెనక నాలుగు ముక్కలు రాసుకుని కూర్చునేవాణ్ణి (సాయంత్రం చింపేస్తాను, మీ ఆధార్ గురించి కంగారు పడకండి). ఇప్పుడు షాపులో కూడా మాట తగ్గిందని మా ఆవిడ అంటోంది, అది మెచ్చుకోలో ఏమో తెలీదు.

ఆ కాగితాలు బాగా పనికొచ్చింది ‘ఏఐ వస్తే ఎవరి ఉద్యోగం పోతుంది’ అన్న గదిలో. ఎనిమిది మందిలో ఆరుగురు సాఫ్ట్‌వేర్ వాళ్ళు, హైదరాబాద్, బెంగళూరు, ఒకాయన డల్లాస్. విశాఖలో గూగుల్ పెడతామన్న డేటా సెంటర్ గురించి మొదలైంది. 2025 అక్టోబరులో ప్రకటించారు కదా, ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు అని. దానికెంత కరెంటు, ఎన్ని నీళ్ళు, లోపల పనిచేసేది ఎంతమంది అని ఒకాయన అడిగాడు, మంచి ప్రశ్నే, కానీ జవాబు రాకముందే ఇంకొకాయన ‘ఉత్తరాంధ్రకి ఏదొచ్చినా ఏడుపేనా’ అన్నాడు. ఆయనది ఉత్తరాంధ్ర కాదు. అక్కడి నుంచి వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలకి వచ్చారు, అదే 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన మన మిత్ర. డల్లాస్ ఆయన తేల్చేశాడు, ఇక ఊళ్ళలో జెరాక్స్ షాపులు, ఆన్‌లైన్ సెంటర్లు మూసుకోవడమే అని.

ఆ షాపు వాణ్ణి నేనే కదా. చెయ్యెత్తాను. చెప్పింది ఇంతే: మన మిత్ర వచ్చాక నా షాపుకి వచ్చేవాళ్ళు తగ్గలేదు, వచ్చే తీరు మారింది. ఇదివరకు కాగితాలు పట్టుకొచ్చేవారు, ఇప్పుడు ఫోను పట్టుకొచ్చి ‘ఇందులో అవుద్దంట కదా, చెయ్యి బాబూ’ అని చేతిలో పెడతారు. ఓటీపీ వస్తుంది, అది ఆధార్‌కి కలిపిన నంబరుకి వస్తుంది, ఆ నంబరు దుబాయ్‌లో ఉన్న కొడుకుది. కొడుక్కి ఫోన్ చెయ్యాలి, వాడు డ్యూటీలో ఉంటాడు, రెండు సార్లు ఓటీపీ గడువు దాటిపోతుంది. చివరికి సర్టిఫికెట్ ఫోన్లోకి వస్తుంది. అప్పుడు దాన్ని ప్రింట్ తియ్యాలి, ఎందుకంటే ఇవ్వాల్సిన చోట కాగితమే అడుగుతారు. నాకు ప్రింటు డబ్బులు వచ్చాయి, ముసలాయనకి బస్సు ఖర్చు, మండలాఫీసు చుట్టూ రెండు రోజుల తిరుగుడు తప్పాయి. అంటే బాగుంది కూడా, మూసుకోలేదు కూడా. రెండూ ఒకేసారి నిజం కావచ్చు కదా అన్నాను.

ఇంత చక్కగా నేను అక్కడ చెప్పలేదనుకోండి. టెన్షన్‌లో నోటికొచ్చింది నా నోటి భాషే. ‘ఏటండి మీరంతున్నది, ముసిలాయన ఫోనట్టుకొని ఒక్కడూ ఎలగ చేసుకుంతాడు, బేగి చెప్పండి’ అన్నాను. బేగి అంటే తొందరగా అని.

స్క్రీన్ మీద నవ్వు బొమ్మలు పైకి లేచాయి. ఒకటీ రెండూ కాదు, దీపావళికి చిచ్చుబుడ్డి వెలిగించినట్టు. ఒకడు మైకు తెరిచి ‘బేగి బేగి’ అని నన్ను అనుకరించాడు, ఇంకొకడు ‘బ్రదర్, సినిమాలో కామెడీ ట్రాక్ లాగ ఉంది, ఇంకోసారి చెప్పండి’ అన్నాడు. పెద్ద కూడా నవ్వాడు. ఓటీపీ గురించి, దుబాయ్ కొడుకు గురించి ఒక్కడూ అడగలేదు. నా చెవులు వేడెక్కిపోయాయి, ఇయర్‌ఫోన్ల వల్ల కాదు. ఈ పక్క వాళ్ళు నోరు విప్పితే కామెడీ అనో, పనిమనిషి పాత్ర అనో ముద్ర వేసింది సినిమాలు, దాన్ని మోసుకుని తిరుగుతున్నది జనం. యాప్ వాళ్ళ తప్పు అనను. కానీ ఆ నవ్వు బొమ్మ అంత పెద్దగా, బొటనవేలి కిందకే వచ్చేలా పెట్టింది మాత్రం వాళ్ళే.

అప్పుడు కింద చుక్కల్లోంచి ఒకాయన చెయ్యెత్తారు. ఫోటో లేదు, పేరు చోట ‘పర్లాకిమిడి మాస్టారు’ అని మాత్రం ఉంది. పైకి పిలిచారు. నెమ్మదిగా, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ‘బాబూ, ఇందాక నవ్వినవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మీరు నవ్వుతున్న మాట మాట్లాడే శ్రీకాకుళం జిల్లాలోనే, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారు పుట్టారు. ఆ తారీఖునే మీరంతా తెలుగు భాషా దినోత్సవమని ఫోటోలు పెట్టుకుంటారు. ఆయన మా ఊళ్ళో బడి పంతులు. సవర గిరిజనులది అసలు భాషే కాదని అందరూ అంటున్న రోజుల్లో వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి పుస్తకాలు రాశారు. ఆ తర్వాత తెలుగు పిల్లలకి మాత్రం ఎవరూ మాట్లాడని గ్రాంథికం ఎందుకు రుద్దాలని అడిగారు. ఒకరా ఇద్దరా, పండితులంతా ఒక పక్క, జయంతి రామయ్య పంతులు గారి లాంటి ఉద్దండులు వాళ్ళకి ముందు. ఈయన ఆ పండితులు రాసిన పుస్తకాలే తీసి వాళ్ళ గ్రాంథికంలోనే తప్పులు చూపించేవారు. ఇక వెక్కిరింతల సంగతంటారా’

కట్. గీత నిండిపోయింది.

ఇక్కడే నాకీ యాప్‌లో నచ్చిన రెండో సంగతి తెలిసింది. ‘నా వంతు ఇస్తున్నాను’ అని ఒక మీట ఉంది, ఎవరూ నొక్కరు, ఎవడి రెండు నిమిషాలు వాడికి ప్రాణం. ఆ రోజు నెల్లూరు నుంచి మాట్లాడే ఒకమ్మాయి, రోజూ అందరితో గట్టిగా గొడవపడే మనిషి, నొక్కింది. మాస్టారికి ఇంకో రెండు నిమిషాలొచ్చాయి. గిడుగు వారు విజయనగరంలో చదువుకున్నదీ, గురజాడ అక్కడ ఆయనకి తోటి విద్యార్థి అన్నదీ, 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఆయన ఆ ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయిందీ చెప్పారు. ‘మేము మాత్రం ఉండిపోయాం బాబూ, రాష్ట్రం వేరు, ఇంట్లో మాట ఇదే’ అన్నారు. ఆఖర్న నన్ను ఊరి పేరుతో పిలిచి, ‘రాజాం తమ్ముడూ, ఆ ఓటీపీ సంగతి ఇందాక చెప్తున్నావు, అది పూర్తి చెయ్యి, నాకూ అదే బాధ’ అన్నారు.

నాలుగు వందల మంది చుక్కల్లో ఒక్క నవ్వు బొమ్మ లేదు. నేను పూర్తి చేశాను. డల్లాస్ ఆయన తన మాట మార్చుకోలేదు, కానీ మార్చుకోకుండా ఉండడానికి బాగా కష్టపడ్డాడు.

అలాంటి రాత్రి ఏడు నెలల్లో ఎన్నిసార్లు వచ్చిందని అడిగితే వేళ్ళ మీద లెక్క. రాజకీయం గదుల సంగతి చెప్తాను, అక్కడ ఇంత సీన్ ఉండదు. రాత్రి తొమ్మిది దాటాక తెరుస్తారు. ఏ ప్రశ్న అడగండి, రోడ్డు గుంతల గురించి అడగండి, ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి అడగండి, ఒకడు 23 అంటాడు, ఇంకొకడు 11 అంటాడు. 2019లో తెలుగుదేశానికి వచ్చినవి 23 సీట్లు, 2024లో వైఎస్సార్‌సీపీకి వచ్చినవి 11. అంతే, వాదన అయిపోయింది. ఆ రెండు ఎన్నికల్లో గెలిచినవాళ్ళకి వచ్చిన సీట్లు 151 అని ఒకళ్ళు, 164 అని ఒకళ్ళు, హౌసీ ఆటలో అంకెలు పిలిచినట్టు పిలుచుకుంటూ పన్నెండు దాకా గడిపేస్తారు. పలాస దగ్గర జీడితోటల్లో బతికే మనిషికి క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్ష అంకె, ఎంతుందో ఆ గదిలో ఎవడికీ అక్కర్లేదు. ఒకసారి ఒకాయన, గొంతు వింటే వయసులో పెద్దాయన, మా ఊళ్ళో వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళున్నారు బాబూ అని మొదలుపెట్టారు. మధ్యలోనే ఒకడు ‘అప్పుడెవరు సీఎం, అది చెప్పండి’ అన్నాడు. పెద్దాయన మైకు కట్టేసుకుని వెళ్ళిపోయారు, మళ్ళీ కనపడలేదు.

నేనేదో గొప్పవాణ్ణని కాదు. భోగాపురం విమానాశ్రయం గదిలో నేనే మూర్ఖంగా వాదించాను. శంకుస్థాపన ఒక్కసారే జరిగింది, నాకు బాగా తెలుసు, మాది ఈ జిల్లాయే, మీరెక్కడో కూర్చుని చెప్తారేంటి అని గొంతు పెంచాను. ‘మాది ఈ జిల్లాయే’ అన్నానా, ఆ జిల్లాకి నేనొచ్చింది 2022లో. అవతల మనిషి, కర్నూలు కుర్రాడు, గొంతు పెంచకుండా రెండు శిలాఫలకాల ఫోటోలు గదిలో పెట్టాడు. ఒకటి 2019 ఫిబ్రవరి 14, చంద్రబాబు నాయుడు. రెండోది 2023 మే 3, జగన్‌మోహన్ రెడ్డి. రెండు సార్లూ కొబ్బరికాయ కొట్టారు. నాకు ఇష్టమైన కొబ్బరికాయ ఒక్కటే గుర్తుండిపోయింది, రెండోది నా బుర్ర తుడిచేసింది. కావాలని అబద్ధం చెప్పలేదు, నిజంగానే గుర్తు లేదు. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే.

సరే, ఒప్పుకుందామని చూస్తే దానికి మీట లేదు. చప్పట్లున్నాయి, నవ్వుంది, పువ్వుంది, మంట ఉంది, చెప్పు బొమ్మ కూడా ఉంది, ‘నేను పొరబడ్డాను’ అన్నదానికి బొమ్మ లేదు. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆగి, నోటితో చెప్పాను, తమ్ముడు చెప్పిందే రైటు, నేను తప్పు చెప్పాను అని. ముందు నిశ్శబ్దం, నెట్ పోయిందనుకున్నాను. తర్వాత అప్పటిదాకా నా పక్షాన మాట్లాడినవాడే ‘అన్నా, నువ్వు కూడా అమ్ముడుపోయావా’ అన్నాడు. ఎంతకో చెప్పలేదు. ఆ రాత్రి నన్ను అనుసరించేవాళ్ళలో పద్నాలుగు మంది వెళ్ళిపోయారు. ఆ కర్నూలు కుర్రాడు మాత్రం వచ్చి చేరాడు. లెక్కలో నష్టం, బేరంలో లాభం అనుకున్నాను. యాప్ వాళ్ళు నెలకో కొత్త బొమ్మ పెడుతుంటారు, ఈ రివ్యూ చదివితే ఆ ఒక్క బొమ్మ పెట్టమని అడుగుతున్నాను.

సినిమా గదుల గురించి తొందరగా చెప్పేస్తాను, అక్కడ మైకు దొరకడమే కష్టం. ఒకే హీరో ఫోటోతో ఇరవై మంది ఒక్కసారిగా చెయ్యెత్తుతారు, గది పెద్ద ఆ గుంపులోవాళ్ళనే పిలుస్తాడు. గొడవంతా కలెక్షన్లదే. దానిలో మోసం ఎక్కడుందో మా నాన్న స్నేహితుడొకాయన థియేటర్ బుకింగ్‌లో పనిచేసేవారు కాబట్టి చిన్నప్పుడే విన్నాను. టికెట్లు అమ్మగా వచ్చిన మొత్తం గ్రాస్. అందులోంచి పన్ను తీసేస్తే నెట్, వంద దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. నెట్‌లోంచి థియేటర్ అద్దె, ఖర్చులు పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. సినిమా కొన్న బయ్యర్ బతికాడా మునిగాడా అన్నది తేలేది షేర్ దగ్గర, అది కూడా వాడు ఎంతకి కొన్నాడో తెలిస్తేనే. గదుల్లో ఏం చేస్తారంటే మన హీరోది గ్రాస్ చెప్తారు, అవతల హీరోది షేర్ చెప్తారు, తూకంలో ఒక పక్క గోనె సంచితో సహా, ఇంకో పక్క గింజలు మాత్రమే. ఇది చెప్పబోయాను ఒకసారి. ‘నువ్వు ఏ హీరో ఫ్యాన్‌వి ముందది చెప్పు’ అన్నారు. ఎవరికీ కాదు, జెరాక్స్ షాపు అన్నాను. మైకు తీసేశారు. ఆ గదులకి 99 కాదు, తొమ్మిది రూపాయలు కూడా దండగ.

ఇక ఫిర్యాదుల సంగతి, ఇది తప్పక చదవండి. నా ‘బేగి చెప్పండి’ని ఎవడో రికార్డు చేసి, డోలు దరువు కలిపి అదే యాప్‌లో పది సెకన్ల ముక్కగా వదిలాడు. మా షాపుకొచ్చే ఇంటర్ పిల్లలు నాకే చూపించారు, ‘అంకుల్, ఇది మీలాగే ఉంది’ అని. మొదట గదిలోనే అడిగాను, తీసెయ్యండి బాబూ అని. ఇంకో నాలుగు ముక్కలు తయారయ్యాయి. ఒకాయన పెద్ద లాయర్ లాగ వచ్చి ‘66ఏ కింద కేసు పెట్టండి, మూడేళ్ళు’ అన్నాడు. ఐటీ చట్టంలో, నెట్‌లో ఎవరినైనా నొప్పించేలా రాస్తే జైలన్న ఆ 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. ఈ గదుల్లో ఇప్పటికీ రోజుకి నాలుగుసార్లు ఆ పేరుతో బెదిరింపులు వినిపిస్తాయి, చచ్చిపోయిన పోలీసుని చూపించి పిల్లల్ని భయపెట్టినట్టు.

పనికొచ్చింది వేరే. 2021 నాటి ఐటీ నిబంధనల్లో, ఇలాంటి యాప్ నడిపేవాళ్ళు ఫిర్యాదుల అధికారిని పెట్టాలని, ఆ మనిషి పేరూ ఎలా చేరాలన్నదీ అందరికీ కనపడేలా ఉంచాలని, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని అప్పట్లో రాశారు (2026 ఫిబ్రవరిలో ఆ 15ని ఏడు రోజులకి తగ్గించారు). ఆయన తేల్చింది నచ్చకపోతే పైన కేంద్ర ప్రభుత్వం వేసిన అప్పీలు కమిటీ ఉంది, 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, ఢిల్లీ వెళ్ళక్కర్లేదు. మా యాప్‌లో ఆ అధికారి పేరు పట్టుకోవడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది, ‘మా గురించి’ లోపల ‘షరతులు’ లోపల అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. రోజూ ఇలాంటి సైట్లలో తిరిగే నాకే అంత పడితే మిగతావాళ్ళ సంగతి ఊహించుకోండి. లింకులు, తారీఖులు, స్క్రీన్‌షాట్లు పెట్టి తెలుగులోనే రాశాను. అందిందని మర్నాడే జవాబు వచ్చింది, పదమూడో రోజున ముక్కలన్నీ తీసేశారు. క్షమాపణ ఏమీ లేదు, ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని ఒక వాక్యం వచ్చింది, నేను అభిప్రాయం ఏమీ చెప్పలేదు.

డబ్బుల దగ్గర ఒక జాగ్రత్త. మైకు కొన్నప్పుడు యూపీఐ ఆటోపేకి ఒప్పుకున్నట్టు నొక్కించేసుకుంటారు. మధ్యలో ఒక నెల కోపం వచ్చి యాప్ తీసి పారేశాను, అయినా 99 పోయింది. యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు. మీరు డబ్బులు పంపుకునే యాప్‌లోకి వెళ్ళి, ఆటోపే అని ఉన్న చోట, ఆ పేరు మీద ఉన్నదాన్ని రద్దు చెయ్యాలి, పిన్ అడుగుతుంది, కొట్టాలి. డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది, నాకు వచ్చింది కూడా, లోన్ ఇస్తాం రమ్మీ ఆడండి అనే మెసేజ్‌ల మధ్యలో. చూసుకోకపోవడం నా తప్పు. షాపుకొచ్చేవాళ్ళకి ఇదే పని ఇప్పుడు ఊరికే చేసిపెడుతున్నాను, ఒకావిడకి ఆరు యాప్‌లకి పోతున్నాయి, ఆవిడకి అందులో ఒక్కటీ తెలీదు, మనవడి ఆటలట.

మైకు నాణ్యత బాగుంది, వర్షానికి నెట్ నీరసించినా గొంతు మాత్రం వస్తుంది. తెలుగు టైపింగ్ దరిద్రం. పెద్దలకి శిక్షణ లేదు, ఎవడు ముందు గది తెరిస్తే వాడే పెద్ద. రాత్రి గదులకి అయిదుకి ఒకటి ఇస్తాను, అది కూడా గడియారానికి. ఉదయం గదికి నాలుగు.

ఉదయం గది అనేది ఒకటుంది, చెప్పలేదు కదూ. అయిదున్నరకి పర్లాకిమిడి మాస్టారు తెరుస్తారు. ఇరవై మంది కూడా ఉండం. నెల్లూరమ్మాయి వస్తుంది, కర్నూలు కుర్రాడు వస్తాడు, అక్కడ సాయంత్రం కాబట్టి అప్పుడప్పుడు డల్లాస్ ఆయన కూడా వస్తాడు. గొడవలు ఇక్కడా ఉంటాయి, మొన్న కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం రావాలా వద్దా అని నెల్లూరమ్మాయికీ నాకూ మూడు రోజులు నడిచింది, నేనింకా వద్దనే అంటున్నాను, ఆవిడ ఇంకా కావాలనే అంటోంది. తేడా ఏంటంటే అవతలివాళ్ళు చెప్పింది ముందు మన మాటల్లో తిరిగి చెప్పి, ‘ఇదేనా అండి మీరన్నది’ అని అడిగి, వాళ్ళు అవునన్నాకే జవాబు చెప్పాలి. అది మాస్టారి నియమం. దీనికే సగం సమయం పోతుంది. సగం గొడవలు కూడా అక్కడే పోతాయి, చాలాసార్లు వాళ్ళు అనని మాటకే మనం గంట నుంచి జవాబు చెప్తున్నామని తెలుస్తుంది.

మొన్న ఆదివారం నేను మాట్లాడి మైకు కట్టడం మర్చిపోయాను. వంటింట్లోంచి మా ఆవిడ కేక, గది మొత్తానికి వినపడింది: ‘బేగి రండి, చోడి అంబలి చల్లారిపోతంది!’

ఒక్క క్షణం గుండె ఆగింది నాకు. నవ్వు బొమ్మ ఒక్కటీ రాలేదు. నెల్లూరమ్మాయి మైకు తెరిచి ‘చోడి అంటే ఏంటన్నా?’ అంది. నేను చెప్పేలోపే కర్నూలు కుర్రాడు రాగులు అన్నాడు, వరంగల్ ఆయనొకరు అవి తైదలు కదా అన్నారు, మాస్టారు మావైపు చోళ్ళు అంటారమ్మా అన్నారు, రాగి సంకటి గట్టిగా ఉండాలా అంబలి పల్చగా ఉండాలా అన్నదాని మీద రెండు నిమిషాల చొప్పున అందరూ రెండేసి వంతులు మాట్లాడారు, డల్లాస్ ఆయన అక్కడ పిండి దొరికే కొట్టు పేరు చెప్పాడు. నేను ఎక్కువ మాట్లాడలేదు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో గ్లాసు, నంజుకోడానికి ఉల్లిపాయ కోసి పెట్టింది. వచ్చే నెల 99 కట్టాలా అని మా ఆవిణ్ణి అడిగితే, ఆ నెల్లూరు పిల్ల అంబలి ఎలా కాస్తారో అడిగింది కదా, అది చెప్పాక చూద్దాంలే అంది.